ఒకే కుళాయి నీళ్ళు తాగినా ఇంట్లో ఇద్దరికే భేదులు ఎందుకు?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర ఒక పల్లె. గత నెలలో నాలుగు రోజులు వరుసగా వాన కురిసి, కుళాయి నీళ్ళు రెండు పూటలు మట్టిరంగులో వచ్చాయి. ఆ వారంలోనే మా వీధిలో పదకొండు మందికి వాంతులు, భేదులు పట్టుకున్నాయి. మా ఇంట్లో అందరం అవే నీళ్ళు తాగాం. కానీ మా అత్తగారికి, ఆరేళ్ళ బాబుకు మాత్రమే వచ్చాయి. బాబుకు ఒక్క రాత్రిలో కళ్ళు లోతుకు పోయి, తెల్లారేసరికి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. నాకు, మా వారికి, అమ్మాయికి ఏమీ కాలేదు. అత్తగారు మూడేళ్ళుగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారు. బాబు అంతకు వారం ముందే దగ్గుకు యాంటీబయాటిక్ సిరప్ తాగాడు. వీధిలో ఇద్దరికి ఒకే ఒక రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. మళ్ళీ వానలు పడుతున్నాయని మా వారు మందుల షాపు నుంచి అందరికీ ఐదు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి, ముందుగానే వేసుకుందాం అంటున్నారు. వేసుకోవచ్చా? ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి, ఆ బాక్టీరియా లోపలికి వెళ్ళి అసలు ఏం చేస్తుందో కూడా రాయించమంటోంది.

సమాధానం: అమ్మా, మాత్రల సంగతి ముందు చెబుతాను. అవి ఎవరూ వేసుకోవద్దు. కలరా చెలరేగిన ఊళ్ళో కూడా, జబ్బు లేనివారందరికీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ పంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు. దానివల్ల జబ్బు వ్యాపించడం ఆగిన దాఖలా లేదు, మందుకు లొంగని బాక్టీరియా మాత్రం పెరుగుతుంది. మీ ఇంటికి సంబంధించినంత వరకు ఇంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. అత్తగారి గ్యాస్ మాత్ర గురించి, బాబు సిరప్ గురించి మీరు యథాలాపంగా రాసిన రెండు వాక్యాల్లోనే అది ఉంది.

అందులోకి వెళ్ళేముందు ఒక మాట. మీ వాళ్ళిద్దరికీ సోకినది ఏ బాక్టీరియా, అసలు బాక్టీరియానా వైరస్సా అన్నది మలపరీక్ష చేస్తేనే తెలిసేది. ఉత్తరం చదివి ఎవరూ చెప్పలేరు. అయితే ఒకే నీళ్ళు తాగిన ఐదుగురిలో ఇద్దరే ఎందుకు పడిపోతారన్న ప్రశ్నకు జవాబు చాలావరకు తెలుసు.

మొదటిది లెక్క. ఒక్క బాక్టీరియా కడుపులో పడగానే జబ్బు రాదు. 1960లలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో, ఒప్పుకుని ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు టైఫాయిడ్ బాక్టీరియాను లెక్కపెట్టి మరీ తాగించి గమనించారు. వారిలో చాలామంది జైల్లో ఉన్నవారు. ఖైదీల మీద అటువంటి పరీక్షకు నేడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వెయ్యి బాక్టీరియా తాగినవారిలో ఒక్కరికీ జబ్బు రాలేదు. లక్ష తాగినవారిలో నూటికి 28 మందికి, కోటి తాగినవారిలో సగం మందికి, వంద కోట్లు తాగినవారిలో నూటికి 95 మందికి వచ్చింది. లక్ష బాక్టీరియా మింగి కూడా నూటికి డెబ్బైమందికి పైగా ఆరోగ్యంగా ఉన్నారన్నమాట. అందుచేత మీరందరూ అవే నీళ్ళు తాగారు గానీ అన్నే బాక్టీరియాను తాగి ఉండరు. మట్టి రంగు ఎక్కువగా ఉన్న పూట ఎవరు రెండు గ్లాసులు తాగారో, ఎవరు పొలంలో ఉండి అసలు తాగలేదో మీకు గుర్తుండే అవకాశం కూడా లేదు. అన్ని బాక్టీరియాలకూ లెక్క ఒకటి కాదు. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లాకు పది నుంచి వంద వరకు ఉంటే చాలు. గోటి సందున అంతకంటే ఎక్కువ ఇముడుతుంది.

రెండవది కడుపులోని ఆమ్లం. జీర్ణాశయంలో ఊరే ఆమ్లం అరుగుదలకు ఎంత అవసరమో, నోటి దారిన వచ్చే బాక్టీరియాను చంపడానికి కూడా అంతే అవసరం. కలరా బాక్టీరియాకు ఆమ్లం అసలు గిట్టదు. స్వచ్ఛంద సేవకులకు దానిని మామూలుగా ఇచ్చినప్పుడు కోట్ల సంఖ్యలో ఉంటే తప్ప జబ్బు తేలలేదు. వంటసోడా వంటి క్షారంతో ఆమ్లాన్ని విరిచి ఇచ్చినప్పుడు లక్షల్లోనే సరిపోయింది. మీ అత్తగారు రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర చేసే పని కూడా ఆమ్లాన్ని తగ్గించడమే. ఇటువంటి మాత్రలు దీర్ఘకాలం వాడేవారిలో పేగుల ఇన్ఫెక్షన్లు ఎక్కువని చాలా దేశాల్లో గమనించారు. అంతమాత్రాన రేపటి నుంచి మాత్ర మానిపించవద్దు. పుండు ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి అది ప్రాణరక్షణ. మూడేళ్ళ క్రితం రాసిన చీటీ ప్రకారం ఇంకా వాడవలసిన అవసరం ఉందో లేదో డాక్టరును అడగండి. అడగకుండా సంవత్సరాల తరబడి వేసుకునేవారిని మన వైపు ప్రతి వీధిలోనూ చూస్తున్నాను, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, పేగుల్లో కాపురముండే మన సొంత బాక్టీరియా. అవి కోట్లకు కోట్లుగా పేగు గోడ పొడవునా నిండి ఉంటాయి. కొత్తగా వచ్చినదానికి తిండి మిగలనీయవు. పీచు పదార్థాన్ని పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లాల్లో ఒకటి పేగు గోడలోని కణాలకు ఆహారమై, అవి ప్రాణవాయువును పూర్తిగా వాడేసుకునేలా చేస్తుంది కాబట్టి, ప్రాణవాయువు దొరికితే విజృంభించే సాల్మొనెల్లా వంటి జబ్బు తెచ్చే బాక్టీరియాకు పేగులోపల ఊపిరాడదు. యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు దగ్గు తెచ్చిన బాక్టీరియా చనిపోయినా చనిపోకపోయినా, ఈ కాపలాదారుల్లో మాత్రం చాలామంది పోతారు. 1950లలో చికాగోలో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ బృందం ఎలుకలతో దీనిని కొలిచి చూపించింది. మామూలు ఎలుకకు జబ్బు రావాలంటే సుమారు లక్ష సాల్మొనెల్లా కావలసి వచ్చింది. ముందుగా ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ తాగించిన ఎలుకకు పదికి లోపే సరిపోయాయి. లక్ష ఎక్కడ, పది ఎక్కడ! నేను మైక్రోబయాలజీ చెప్పిన సంవత్సరాలన్నిటిలోనూ, విద్యార్థులు ఇంతగా నిశ్శబ్దమై విన్న అంకెలు వేరే లేవు.

మీ బాబుకు సిరప్ వల్లనే జబ్బు వచ్చిందని నేను రాయను, రాయలేను. చిన్నపిల్లలకు ఎలాగూ తొందరగా సోకుతుంది, ఒంట్లో నీటి నిల్వ తక్కువ కాబట్టి తొందరగా వాడిపోతారు. కానీ వారం ముందు కాపలా పలచబడిన పేగులోకి ఆ నీళ్ళు వెళ్ళాయన్నది మాత్రం నిజం. ఇప్పుడు మీ వారు తెచ్చిన మాత్రలు వేసుకుంటే ఇంటిల్లిపాదీ సరిగ్గా అదే స్థితిలో వానాకాలంలోకి అడుగుపెడతారు. నేను అంత గట్టిగా వద్దన్నది అందుకే.

ఇక అమ్మాయి ప్రశ్న. బాగా అడిగింది, ఓపికగా చదవమనండి.

కలరా బాక్టీరియా విబ్రియోను నేను మొదటిసారి చూసింది వేలాడే నీటిచుక్కలో, సూక్ష్మదర్శిని కింద. కామా ఆకారంలో వంకరగా, ఒకే ఒక తోకతో, రాత్రి ఆకాశంలో చుక్క రాలినట్టు రివ్వున అటూ ఇటూ దూసుకుపోతూ కనిపించింది. ఆ పరుగుతోనే అది చిన్నపేగు గోడ మీది జిగురుపొరను దాటి కణాలను చేరుతుంది. అక్కడ సన్నని నూలుపోగుల వంటి కేశాలతో గుంపుగా అతుక్కుంటుంది. కణాలను చీల్చదు, తినదు, లోపలికి కూడా వెళ్ళదు. మరి మనిషి గంటల్లో ఎందుకు ఎండిపోతాడు?

దీనికి జవాబు కనిపెట్టినది మన దేశంలోనే. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ 1884లో కలకత్తాలో ఈ బాక్టీరియాను వేరుచేసి, ఇది ఏదో విషం విడుస్తుండాలని ఊహించాడు. 75 ఏళ్ళపాటు ఎవరూ దానిని చూపలేకపోయారు. 1959లో కలకత్తాకే చెందిన శంభునాథ్ దే, కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు వైపులా దారంతో కట్టి, కలరా బాక్టీరియాను పెంచిన ద్రవాన్ని, బాక్టీరియా ఒక్కటి కూడా లేకుండా వడకట్టి, అందులోకి ఎక్కించాడు. మర్నాటికి ఆ ముక్క నీటితో ఉబ్బి గట్టిపడింది. బాక్టీరియా లేకుండానే కలరా! పెద్ద పరికరం ఏదీ లేదు. దారం, సూది, సరైన ప్రశ్న ఉన్నాయి. దే 1985లో కన్నుమూశాడు. నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు.

ఆ విషానికి రెండు భాగాలు. ఐదు రేకుల పువ్వులా ఉండే భాగం పేగు కణం పైపొరను పట్టుకుంటుంది; దాని మీద కూర్చున్న రెండవ భాగం కణంలోకి చేరి, ఉప్పును బయటికి వదిలే మీటను వేసిన స్థితిలోనే బిగించేస్తుంది. మామూలుగా ఆ మీట అవసరానికి పడుతూ లేస్తూ ఉంటుంది. బిగుసుకుపోయాక ఉప్పు ఆగకుండా పేగులోకి కారుతుంది, ఉప్పు వెంట నీరు పరుగెడుతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్ళకు గంటకు లీటరు నీరు పోవడం కూడా ఉంది. గంజినీళ్ళలా ఉండే ఆ విరేచనాల్లో ఉన్నది మన రక్తంలో ఉండవలసిన నీరు, ఉప్పే. ఇంకొక వింత ఏమిటంటే ఈ విషం తయారుచేసే జన్యువు విబ్రియో పుట్టుసొత్తు కాదు. బాక్టీరియాకు సోకే ఒక వైరస్ దానిని మోసుకొచ్చి ఇచ్చిందని 1996లో అమెరికా శాస్త్రవేత్తలు వాల్డర్, మెకలనాస్ నిరూపించారు.

అన్ని పేగు బాక్టీరియాలూ ఇదే దారి పట్టవు. పసిపిల్లల్లో భేదులు కలిగించే ఈ.కోలై అనే బాక్టీరియాలో ఒక రకం చేసే పని చూస్తే మన పెళ్ళిళ్ళు గుర్తొస్తాయి. పిలవని పేరంటానికి వచ్చినవాడు కూర్చునే పీట కూడా తానే తెచ్చుకున్నట్టు, ఈ బాక్టీరియా ఒక సన్నని సూది వంటి నిర్మాణంతో తన సొంత ప్రొటీన్‌ను మన కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్ కణం పైపొర మీదికి వచ్చి నిలబడితే, దానినే పట్టుకుని బాక్టీరియా అతుక్కుంటుంది. అప్పుడు కణంలోని పోగులు దాని కిందికి చేరి నిజంగానే ఒక పీటలా పైకి లేస్తాయి. కెనడాలోని వాంకూవర్‌లో బ్రెట్ ఫిన్లే ప్రయోగశాల 1997లో దీనిని వెల్లడించింది. షిగెల్లా ఇంకొక అడుగు ముందుకు వేసి కణంలోకే దూరి, ఆ కణపు పోగులనే తోకగా కట్టుకుని, గోడలు తోసుకుంటూ పక్క కణంలోకి వెళుతుంది. చీము, రక్తం పడేది అందుకే. టైఫాయిడ్ బాక్టీరియా పేగులో కాపలా కాసే ప్రత్యేక కణాల కిటికీల గుండా దిగి, తనను మింగి చంపవలసిన రక్షక కణాల్లోనే దాక్కుని, వాటితోపాటు కాలేయానికి, ప్లీహానికి, ఎముకల మూలుగకు ప్రయాణిస్తుంది. కొద్దిమందిలో జబ్బు తగ్గినా పిత్తాశయంలో ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది.

టైఫాయిడ్‌లో భేదుల కంటే రోజురోజుకూ పెరిగే జ్వరం ప్రధానం. మీ వీధిలో చేసినది బహుశా వైడల్ పరీక్ష అయి ఉంటుంది. 1896 నుంచి ఉన్న ఆ పరీక్ష ఒక్కసారి చేసి తేల్చడం మన వంటి చోట నమ్మదగినది కాదు, ఎందుకంటే వెనుకటి ఇన్ఫెక్షన్ వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు, అంటే అందులోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పంపమని అడగడం సరైన పద్ధతి. టైఫాయిడ్‌కు టీకా ఉంది, హైదరాబాదులోనే తయారవుతుంది. పిల్లలిద్దరికీ వేయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

మళ్ళీ బాబు దగ్గరికి వస్తాను. కలరా విషం ఉప్పును బయటికి వదిలే దారిని తెరిచిపెడుతుంది గానీ, ఉప్పు, గ్లూకోజు జంటగా లోపలికి వచ్చే దారిని మూయలేదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారిన. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంతో వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలి, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు తగ్గాయి. బాబుకు ఆ రాత్రి మొదటి రెండు విరేచనాలప్పుడే మొదలుపెట్టి ఉంటే సెలైన్ దాకా వెళ్ళకపోవడానికి మంచి అవకాశం ఉండేది. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఇది, ఇంకోసారికి పనికొస్తుందని రాస్తున్నాను.

ప్యాకెట్టు మీద గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని ఉందో లేదో చూసి, మొత్తం పొడిని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. సగం పొడి అరలీటరులో అని అంచనాగా కలిపితే పాళ్ళు తప్పుతాయి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. గంజిలో కాస్త ఉప్పు వేసి ఇచ్చినా మంచిదే, అందులోని పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా మారుతుంది. తిండి మాన్పించవద్దు, పెరుగన్నం, పలచని చోడి అంబలి పెట్టవచ్చు. కొబ్బరినీళ్ళు పిల్లలకు మంచివే గానీ, ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఉన్న చుట్టాలకు డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. ఆరు నెలలు దాటి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఓఆర్‌ఎస్‌తోపాటు జింకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 10 నుంచి 14 రోజులు వేస్తారు; మీ బాబుకు అవసరమా అన్నది డాక్టరును అడగండి. పేగు కదలికను ఆపే "మోషన్స్ మాత్ర" పిల్లలకు ఇవ్వకూడదు.

పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా మడత నెమ్మదిగా జారితే, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోతే, ఆరు గంటలుగా మూత్రం పోయకపోతే, మగతగా ఉంటే, మలంలో రక్తం పడితే ఇంట్లో ఉండవద్దు, తాగిస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి. యాంటీబయాటిక్ అవసరమయ్యే జబ్బులు కూడా వీటిలో ఉన్నాయి, తీవ్రమైన కలరాకు ఇస్తారు, షిగెల్లాకు ఇస్తారు. మరోవైపు, విషం విడిచే ఒక రకం ఈ.కోలైకి యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీలకు ముప్పు పెరగవచ్చు. అందుకే ఏది ఇవ్వాలో పరీక్షించిన డాక్టరు తేల్చాలి.

2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్ల మండలంలో అతిసారం ఎంతమందిని మంచాన పడేసిందో, కొందరి ప్రాణాలు ఎలా తీసిందో మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్ళు మట్టిరంగులో వచ్చిన రోజున పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టండి. ఉతికి ఉతికి పోగులు దగ్గరపడిన చీరే మేలు. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కాల్వెల్ బృందం ఇలా వడకట్టించి, కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించింది. విబ్రియోలు నీటిలో తేలే సన్నని జీవులను (ప్లవకాలను) పట్టుకుని ఉంటాయి కాబట్టి బట్టలో చిక్కుకుంటాయి. టైఫాయిడ్, షిగెల్లా మాత్రం చీర గుండా దిగిపోతాయి. అందుచేత వడకట్టాక కళపెళ మరిగించడం తప్పదు. ఏఎన్‌ఎమ్ క్లోరిన్ బిళ్ళలు ఇస్తే, అవి కూడా వడకట్టిన నీళ్ళలోనే బాగా పనిచేస్తాయి.

కాచిన నీళ్ళు మళ్ళీ చెడిపోయేది బిందె దగ్గర. గ్లాసుతో నాలుగు వేళ్ళు ముంచి తీసుకోవడం మన ఇళ్ళలో ప్రతిరోజూ జరిగేదే. పొడవు కాడ గరిటె ఒకటి బిందెకు వేలాడదీయండి. ఇంట్లో బుడితి ఇత్తడి బిందె ఉంటే అటక మీది నుంచి దించండి: ఇత్తడి పాత్రలో నిలవ ఉంచిన నీటిలో ఈ.కోలై రెండు రోజుల్లో నశించడం, మట్టికుండలో అలా జరగకపోవడం 2005లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. రాగి అతి స్వల్పంగా నీటిలోకి దిగడమే కారణం. కాచడానికి అది బదులు కాదు, కాచిన తరువాత పోసుకోవడానికి మంచి పాత్ర. మజ్జిగ, పులుపు మాత్రం అందులో వద్దు.

ఇంట్లో ఒకరికి భేదులు పట్టినప్పుడు ఇంకొక జాగ్రత్త. అప్పుడే మనిషి నుంచి బయటపడిన కలరా బాక్టీరియా కొన్ని గంటలపాటు మామూలుకంటే చాలా తేలికగా సోకుతుందని ప్రయోగాల్లో తేలింది. ఇంట్లో ఒకరి వెనుక ఒకరు పడిపోవడానికి ఇది ఒక కారణం. బాబు బట్టలు కుళాయి గట్టు మీద, బోరు పక్కన ఉతకవద్దు. బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానబెట్టి, దూరంగా ఉతకండి. బాబును శుభ్రం చేశాక మీ చేతులు సబ్బుతో, గోళ్ళ సందులతో సహా కడిగిన తరువాతే అన్నం గిన్నె ముట్టుకోండి.

మీ వారు తెచ్చిన మాత్రల అట్టలు ఇంకా చింపి ఉండకపోతే షాపులో తిరిగి ఇచ్చేయమనండి. ఆ డబ్బుతో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది, రెండు సబ్బులు, ఒక పొడవు కాడ గరిటె కొని, ప్యాకెట్లను రాత్రిపూట చీకట్లో కూడా చేతికి అందే చోట పెట్టండి.